అప్పు పుట్టని రోజులు: డాక్టర్ పట్టాభి గారి జీవితం, అరకు కొండల అనుభవం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని గురించి రాయవలసిందిగా మన సంఘ కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారిది. స్వాతంత్ర్య సమరయోధునిగా, కాంగ్రెసు చరిత్ర రాసిన పండితునిగా, గవర్నరుగా ఆయన మన సభ్యులందరికీ సుపరిచితులే. మన పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నారు కూడా. అయితే బ్యాంకు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళకు పైగా గడిపిన నాబోటివాడికి ఆయన జీవితంలో మరొక కోణం కనబడుతుంది. ఊళ్ళో హఠాత్తుగా అప్పు పుట్టకుండా పోతే సామాన్యుడి గతి ఏమిటన్న ప్రశ్నకు జీవితమంతా జవాబు వెతికిన మనిషి ఆయన.

ఆ ప్రశ్న ఎంత బరువైనదో నాకు బందరులో తెలియలేదు, హైదరాబాదులో అంతకన్నా తెలియలేదు. ఉద్యోగరీత్యా అరకు లోయ ప్రాంతంలో పనిచేసిన అయిదేళ్ళలో తెలిసింది. అందుచేత ఆయన జీవితాన్ని చెబుతూ మధ్యలో మిమ్మల్ని కొంతసేపు ఆ కొండల మీదికి తీసుకువెళతాను. పాఠకులు అన్యథా భావించవద్దని మనవి.

బాల్యం, చదువు

పట్టాభి గారు 1880 నవంబరు 24న గుండుగొలను గ్రామంలో జన్మించారు. అప్పటి కృష్ణా జిల్లాలోని ఆ ఊరు తర్వాత పశ్చిమ గోదావరిలోకి, ఇప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. పేద కుటుంబం. చదువుకోవాలంటే ఇంట్లో ఉన్న డబ్బు చాలదు, లేని డబ్బు ఎక్కడో పుట్టాలి. ఆ తరంలో పైకి వచ్చిన మధ్యతరగతి పిల్లలు చాలామంది కథ ఇదే. పట్టుదలతో మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ., ఆపైన మద్రాసు వైద్య కళాశాలలో ఎం.బి.సి.ఎం. పూర్తిచేసి, బందరు వచ్చి వైద్యవృత్తి ప్రారంభించారు.

సుమతీ శతకకారుడు ఏ ఊళ్ళో నివాసముండవచ్చో చెబుతూ అప్పిచ్చేవాణ్ణి, వైద్యుణ్ణి పక్కపక్కనే పెట్టిన సంగతి మనందరికీ కంఠతా వచ్చిన విషయమే. ఆ రెండు పనులనూ ఒకే జీవితంలో తలకెత్తుకున్న ఆంధ్రుడు పట్టాభి గారు. వైద్యునిగా బందరు వచ్చారు. సుమారు పదేళ్ళకు, 1916లో, బాగా సాగుతున్న వైద్యాన్ని వదిలి దేశసేవకు అంకితమయ్యారు. ఆ దేశసేవలో ఒక పెద్ద భాగం అప్పిచ్చే సంస్థలను నిలబెట్టడమే.

మద్రాసులో మూతపడిన కంపెనీ

ఆయన బందరులో వృత్తి మొదలుపెట్టిన రోజుల్లోనే, 1906 అక్టోబరులో, మద్రాసులోని ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీసింది. ప్యారీ, బిన్నీలతో సమానంగా పేరున్న తెల్లదొరల కంపెనీ అది. వ్యాపారమే కాక జనం దగ్గర డిపాజిట్లు తీసుకునేది. పింఛనుదార్లు, ఉద్యోగులు, వ్యాపారులు, భర్త పోయిన స్త్రీలు తమ కూడబెట్టినది అక్కడ దాచుకున్నారు. కంపెనీ యజమాని సర్ జార్జి ఆర్బత్నాట్‌కు జైలుశిక్ష పడింది గాని పోయిన డబ్బు చాలామందికి పూర్తిగా తిరిగి రాలేదు.

బ్యాంకు మూతపడితే డిపాజిటు పోవడం అందరికీ కనబడే నష్టం. కనబడని నష్టం మరొకటి ఉంది. మర్నాటి నుంచి పట్నం వర్తకుడికి అడ్వాన్సు పుట్టదు. పట్నం వర్తకుడికి పుట్టకపోతే తాలూకా కేంద్రంలోని కమీషను వ్యాపారికి పుట్టదు. అతనికి పుట్టకపోతే పల్లెలో రైతుకు విత్తనాలకు పుట్టదు. రైతు ఏ కంపెనీ పేరూ విని ఉండడు. తన ఊరి షావుకారు ఈ ఏడు చేతులెత్తేశాడని మాత్రం తెలుస్తుంది. చేతులెత్తేయని షావుకారు ఒక్కడే మిగిలితే, అతను చెప్పిందే వడ్డీ.

ఆర్బత్నాట్ పతనం తర్వాత మద్రాసు ప్రముఖులు వి. కృష్ణస్వామి అయ్యర్ గారి పూనికతో 1907లో ఇండియన్ బ్యాంకు ప్రారంభించారు. మన డబ్బు మన చేతుల్లోనే ఉండాలన్న ఆలోచన స్వదేశీ ఉద్యమంతో కలిసి బలపడింది. కానీ స్వదేశీ అయినంత మాత్రాన బ్యాంకు నిలబడుతుందన్న హామీ లేదు. 1913లో లాహోరు పీపుల్స్ బ్యాంకు, బొంబాయి ఇండియన్ స్పీసీ బ్యాంకు సహా పలు స్వదేశీ బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. ఆవేశంతో బ్యాంకు తెరవవచ్చు, జాగ్రత్త లేకపోతే నడపలేమని దేశానికి అప్పుడు తెలిసింది.

బందరులో పుట్టిన సంస్థలు

పట్టాభి గారు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనకు తోడ్పడ్డారు. 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకు ఏర్పాటుకు పూనుకున్నారు. 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక నడిపారు. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రం కావాలని కాంగ్రెసు వేదికల మీద పట్టుబట్టి వాదించినవారిలో ఆయన ముందువరసలో ఉన్నారు.

1923 ఏప్రిల్‌లో సిమ్లా కేంద్రంగా ఉన్న అలయన్సు బ్యాంకు చెల్లింపులు ఆపేసింది. దేశంలో బ్యాంకంటే జనం భయపడుతున్న ఆ ఏడాదిలోనే, నవంబరు 20న, పట్టాభి గారు ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు. నవంబరు 28న బందరులో పని ప్రారంభమైంది. చెల్లించిన మూలధనం 1 లక్ష రూపాయలు.

ఆ తర్వాత వరస చూడండి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1927లో భూమి తనఖా బ్యాంకు, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ. ఒక్క మనిషికి ఇన్ని సంస్థలు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ అనిపించింది. ఒక్క పెద్ద బ్యాంకు చాలదా?

చాలదు. విత్తనాలకు ఇచ్చే అప్పు ఆరు నెలల్లో తిరిగి రావాలి. పాత బాకీ తీర్చి భూమి విడిపించుకోవడానికి ఇచ్చే అప్పు పదిహేను, ఇరవై ఏళ్ళు ఉండాలి. వర్తకుడి హుండీ మూడు నెలలది. ఇంటి యజమాని పోతే కుటుంబానికి కావలసింది అప్పు కాదు, బీమా. వీటన్నిటినీ ఒకే పెట్టెలో కలిపితే, ఒకదానికి జ్వరం వస్తే అన్నిటికీ వస్తుంది. ఒక తలుపు మూసుకుపోయిన రోజున మరొక తలుపు తట్టే వీలుండాలి. పట్టాభి గారు కట్టిన సంస్థల వరస చూస్తే నాకు ఈ ఏర్పాటే కనబడుతుంది.

మాంద్యం నేర్పిన పాఠం

1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం రెండేళ్ళు తిరగకుండానే కృష్ణా, గోదావరి డెల్టాలను తాకింది. ధాన్యం ధర సగానికి సగం పడిపోయింది. శిస్తు తగ్గలేదు. అప్పు పత్రం మీద అంకె తగ్గలేదు. వంద రూపాయల బాకీ తీర్చడానికి ఒకప్పుడు అమ్మవలసిన ధాన్యానికి రెట్టింపు అమ్మవలసి వచ్చింది. వడ్డీ వ్యాపారులు కొత్త అప్పులు ఆపి పాత బాకీలకు కోర్టుకెక్కారు. సహకార సంఘాల్లో వాయిదాలు మీరిపోయి, అవీ చేతులు ముడుచుకున్నాయి.

1938లో రాజాజీ గారి మంత్రివర్గం మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చి పాత వడ్డీ బకాయిల భారం దింపింది. అది అవసరమైన చట్టమే, ఎన్నో కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి. అయితే ప్రైవేటు షావుకార్లు ఆపైన పల్లెల్లో అప్పివ్వడానికి వెనుకాడారు. అదే ఏడాది జూన్‌లో ట్రావంకూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడడంతో దక్షిణాది అంతటా డిపాజిటర్లు బెంబేలెత్తిపోయారు. అప్పిచ్చే రెండు దారులూ ఒకేసారి ఇరుకయ్యాయి. పాత అప్పు కొట్టివేయడం కలంపోటుతో అయ్యే పని. కొత్త అప్పు పుట్టే దారి తెరిచి ఉంచడం కలంపోటుతో కాదు. ఈ సంగతి నాకు పుస్తకంలో చదివితే బోధపడలేదు. కొండ ఎక్కాక బోధపడింది.

కొండల మీద అప్పు చరిత్ర

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కినా, విశాఖపట్నంలో కిరండూల్ ప్యాసింజరు ఎక్కి బొర్రా మీదుగా వెళ్ళినా అరకు చేరవచ్చు. పర్యాటకులకు పసుపుపచ్చని వలిసె పూలు కనబడతాయి. బ్యాంకు ఉద్యోగికి ఆ వలిసెలు ఎవరికి తాకట్టు పడ్డాయన్నది కనబడుతుంది.

ఆ కొండల్లో అప్పు కథ పాతది. 1879 రంప తిరుగుబాటుకు కల్లు పన్నుతో పాటు మైదానం నుంచి వచ్చిన వర్తకుల ఆగడాలు కూడా కారణం. చిన్న బాకీకి కోర్టులో ఏకపక్ష డిక్రీ తెచ్చుకుని గిరిజనుడి పశువులను, ఆస్తిని తోలుకుపోయేవారు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు వచ్చి, తిండిగింజల కోసం అప్పు అవసరం మరింత పెరిగింది. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం వచ్చింది. ఏడాదికి నూటికి 24 దాటి వడ్డీ తీసుకోరాదని, మొత్తం వడ్డీ అసలును మించరాదని, అనుమతి లేకుండా గిరిజనుడి భూమి ఇతరుల చేతికి పోరాదని శాసించింది. అయినా అప్పు తీర్చలేనివాడు షావుకారు ఇంట గొత్తి ఉండడం, అంటే అప్పు కింద వెట్టి చేయడం, ఆగలేదు. 1940లో దాన్ని రద్దు చేస్తూ మరొక నిబంధన తేవలసి వచ్చింది.

ఆ చట్టాలన్నీ షావుకారు చెయ్యి పట్టుకున్నవే. అతని బదులు అప్పు ఎవరిస్తారన్నదానికి జవాబు 1956లో మొదలైంది. ఆ ఏడాది విశాఖపట్నం కేంద్రంగా, తర్వాత గిరిజన సహకార సంస్థగా పేరుపొందిన సంస్థ ఏర్పడింది. చింతపండు, అడ్డాకులు, తేనె వంటి అటవీ ఫలసాయం కొనడం, డిపోల్లో బియ్యం, ఉప్పు, కిరసనాయిలు అమ్మడం, పంట అప్పులివ్వడం ఆ సంస్థ పనులు. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1975 నుంచి గ్రామీణ బ్యాంకులు, 1980 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకుతో సహా మరో 6 బ్యాంకుల జాతీయీకరణ జరిగాయి. ఆ ఊపులో కొండల మీదికీ బ్యాంకు శాఖలు వచ్చాయి.

1990: మా శాఖలో జరిగినది

నేను 1988లో అక్కడి ఒక బ్యాంకు శాఖకు ఫీల్డ్ ఆఫీసరుగా వెళ్ళాను. దుక్కిటెద్దులకు, మేకలకు, పసుపు, అల్లం సాగుకు అప్పులిచ్చేవాళ్ళం. సగం సబ్సిడీ గిరిజనాభివృద్ధి సంస్థ భరించేది. ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర. సంతరోజున పసుపు అమ్ముకుని, కొంగున ముడేసిన నోట్లు తెచ్చి కౌంటరు మీద పెట్టే కోటియా, బగత స్త్రీలను నేను చూశాను. ఎగవేత వారి స్వభావం కాదు. కట్టగలిగినప్పుడు కట్టేవారు.

1989 చివర ఎన్నికల తర్వాత, పది వేల రూపాయల దాకా వ్యవసాయ రుణాలు రద్దవుతాయన్న కబురు కొండ ఎక్కింది. 1990 మే 15 నుంచి పథకం అమలులోకి వచ్చింది. 1989 అక్టోబరు 2 నాటికి వాయిదా మీరిన బాకీలకే అది వర్తించింది. వరసగా కరువులు చూసినవాళ్ళకు అది నిజంగా ఉపకారమే. కాని సకాలంలో కట్టినవారికి ఏమీ రాలేదు. నూకలు తిని వాయిదా కట్టిన మనిషికి, పొరుగువాడి బాకీ మాఫీ ఎందుకైందో, తనకెందుకు కాలేదో చెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని.

ఆ తర్వాత జరిగినది వరసగా చెబుతాను. కబురు వచ్చిన నాటి నుంచే వసూళ్ళు ఆగిపోయాయి. జూన్‌లో తొలకరి పడింది. పాత ఖాతా తేలేదాకా కొత్త అప్పు లేదన్నారు. జాబితాలు తేలేసరికి అదను దాటింది. మరుసటి ఏడు, క్రమంగా కట్టేవారిలోనూ చాలామంది కట్టలేదు. వసూళ్ళ శాతం తగ్గితే పైనుంచి వచ్చే రీఫైనాన్సు తగ్గుతుంది. రీఫైనాన్సు తగ్గితే శాఖ చేతిలో అప్పివ్వడానికి డబ్బుండదు. 1992–93 నుంచి మొండి బాకీల లెక్కకు కఠినమైన నిబంధనలు వచ్చాయి. ఏజెన్సీ భూమిని తాకట్టు పెట్టుకుని వేలం వేసినా గిరిజనుడే కొనాలి. గిరిజనుడి భూమిని కాపాడేందుకు 1959, 1970 నిబంధనలు చేసిన మంచి ఏర్పాటు అది. దాన్నే సాకుగా చూపి అప్పు నిరాకరించడం మేనేజర్లకు తేలికైంది.

శాఖ మాత్రం మూతపడలేదు. అది గమనించవలసిన విషయం. ఉదయం పదింటికి తలుపు తెరిచేవాళ్ళం. టీచర్ల జీతాలు, రైల్వే సిబ్బంది పొదుపులు, కాంట్రాక్టర్ల డిపాజిట్లు వస్తూనే ఉన్నాయి. వచ్చిన డబ్బు కొండ దిగి పట్నం శాఖల అప్పులకు పోయేది. కొండవాడికి మాత్రం మా దగ్గర అప్పు పుట్టదు.

లెక్కల్లో కనబడని నష్టం

అప్పు ఆగితే అవసరం ఆగదు. ఆషాఢ శ్రావణాలు కొండల్లో ఆకలి నెలలు. మామిడి టెంకల అంబలి తాగి రోజులు గడిపే ఇళ్ళు అప్పుడు చాలా ఉండేవి. ఆ నెలల్లో విత్తనానికి, మందుకు, తిండికి ఎవరో ఒకరు ఇవ్వాలి. బ్యాంకు ఇవ్వకపోతే సంతలో షావుకారు ఉన్నాడు. అతను అప్పని అనడు. పంట ముందే కొంటానంటాడు.

ఉదాహరణకు, కోతనాడు వలిసెల బస్తా 100 రూపాయలు పలుకుతుందనుకుందాం. శ్రావణంలో షావుకారు దానికి 60 ఇచ్చి, పుష్యంలో బస్తా పట్టుకుపోతాడు. 60 మీద 40, అయిదు నెలలకు. ఏడాదికి లెక్కకట్టండి, నూటికి 160 వడ్డీ. 1917 చట్టం 24 దాటరాదంది. కాగితం మీద ఇది అప్పే కాదు, కొనుగోలు. కాబట్టి వడ్డీ చట్టానికి అంత తేలిగ్గా చిక్కదు. బ్యాంకు లెడ్జరులో ఆ ఏడు మొండి బాకీ ఒక్కటీ పెరగలేదు, ఎందుకంటే అప్పే ఇవ్వలేదు. నివేదికలో శాఖ ఆరోగ్యంగా కనబడింది. నష్టమంతా సంతలో, తూకం దగ్గర జరిగింది.

కాఫీ మొక్కల సంగతి మరీ అన్యాయం. నాటిన మూడు నాలుగేళ్ళకు గాని కాపు రాదు. నడుమ ఒక్క ఏడాది అప్పు ఆగినా కలుపు తీసే దిక్కుండదు, నీడ చెట్లు కాసే దిక్కుండదు, తోట పాడవుతుంది. ఒక ఏడాది అప్పు ఆగడం వల్ల పోయేది ఒక ఏడాది పంట కాదు, అంతకు ముందు మూడేళ్ళ కష్టం. ఇవాళ అరకు కాఫీ విదేశాల్లో పేరు తెచ్చుకుంటున్నదంటే, ప్రభుత్వ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, రైతుల సంఘాలు అన్నేళ్ళూ చెయ్యి వదలకుండా పట్టుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

మళ్ళీ 2010లో

నేను కొండ దిగి వచ్చిన చాలా కాలానికి, 2010 అక్టోబరులో, మన రాష్ట్రమంతా ఇలాంటిదే మరొకటి చూసింది. సూక్ష్మ రుణ సంస్థలు ఒక్కొక్క ఇంట్లో మూడు నాలుగు అప్పులు పెట్టి వారంవారం వసూళ్ళకు వేధిస్తున్నాయని, ఆత్మహత్యలు జరిగాయని వార్తలు వచ్చి, ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. ఆ సంస్థలకు నిధులిచ్చే బ్యాంకులు వెంటనే వెనక్కి తగ్గాయి. ఇక్కడి దెబ్బకు ఇతర రాష్ట్రాల్లో కూడా చిన్న అప్పులు పుట్టడం కష్టమైంది. వేధింపును ఆపడం న్యాయమే. అయితే ఆ అక్టోబరులో కూడా కూతురి ఫీజు, ఆసుపత్రి ఖర్చు ఆగలేదు. బ్యాంకులతో నేరుగా లావాదేవీలున్న పొదుపు సంఘాల మహిళలకు మరొక తలుపు ఉంది. ఆ తలుపు లేనివారు మళ్ళీ తెలిసిన వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళ్ళారు. 1992లో మొదలైన ఆ పొదుపు సంఘాల బ్యాంకు లింకేజీ తెలుగునాట అంతగా పాకి ఉండకపోతే 2010 ఇంకా భయంకరంగా ఉండేదని నా నమ్మకం.

పట్టాభి గారి మలి జీవితం

ఆయన జీవితంలో మరొక సంగతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ఆయన జైలుకు వెళ్ళారు. 1932లో మళ్ళీ. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో నెహ్రూ, పటేలు, ఆజాద్ గార్లతో పాటు దాదాపు మూడేళ్ళు అహ్మద్‌నగర్ కోటలో ఉన్నారు. స్థాపకుడు కటకటాల వెనుక ఉంటే బ్యాంకు గతి ఏమిటి? బ్యాంకు తలుపులు తెరిచే ఉన్నాయి. మనిషి మీద కాక పద్ధతి మీద నిలబడేట్టు కట్టారు గనుకనే అది సాధ్యమైంది. తన పేరు మీద ఆధారపడని సంస్థను కట్టడం పెద్ద మనసున్నవాడే చేయగలడు.

1935లో, కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భంలో, ఆయన రాసిన కాంగ్రెసు చరిత్ర వెలువడింది. 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోసు గారితో పోటీపడి ఓడిపోయారు. గాంధీజీ ఆ ఓటమిని తనదిగానే భావించారు. 1948లో జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. భాషా రాష్ట్రాల విషయమై నెహ్రూ, పటేలు గార్లతో కలిసి ఆయన సభ్యులుగా ఉన్న సంఘాన్ని మనవాళ్ళు ముగ్గురి పేర్ల తొలి అక్షరాలతో జె.వి.పి. కమిటీ అని పిలుచుకున్నారు. రాజ్యాంగసభలోనూ ఉన్నారు. 1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

ఆయన పోయాక 1964లో భారత లక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసింది. బీమా కంపెనీల జీవిత బీమా వ్యాపారం అంతకుముందే, 1956లో, జీవిత బీమా సంస్థలో విలీనమైంది. చివరికి 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమై, బోర్డుల మీద ఆ పేరు చెరిగిపోయింది. ఆ రోజున తెలుగునాట చాలా ఇళ్ళలో ఆత్మీయుడు పోయినంత బాధ కలిగింది. విలీనం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ నా ఉద్దేశం కాదు. బోర్డు మారినా ఒక ప్రశ్న మారదు. ఒక ప్రాంతంలో పోగైన డబ్బు ఆ ప్రాంతంలో అదనుకు పుట్టుతున్నదా, లేదా? బందరులో ఆయన వేసుకున్న ప్రశ్న అదే. ఇవాళ పాడేరు కేంద్రంగా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకూ అదే ప్రశ్న.

మన వంతు

మనం పింఛనుదారులం. మనకింక అప్పులతో పనేముందని కొందరు మిత్రులు అంటుంటారు. కాని దేశంలో అప్పుగా తిరుగుతున్నది మన డిపాజిట్లే. ఆర్బత్నాట్ రోజుల్లో పింఛనుదారుకు రక్షణ లేదు. 1962 నుంచి డిపాజిట్లకు బీమా ఉంది. 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు, అసలు వడ్డీ కలిపి, 5 లక్షల రూపాయల దాకా ఆ రక్షణ వర్తిస్తుంది. అంతకు మించి ఉన్నవారు ఒకే చోట పెట్టకుండా చూసుకోవడం మంచిది. ఎక్కువ వడ్డీ ఆశ చూపే పేరులేని కంపెనీల జోలికి పోవద్దని ఇంట్లో పిల్లలకూ చెప్పండి.

అలాగే ఉద్యోగంలో ఉన్న మన పిల్లలు, మనుమలు ఎవరైనా బ్యాంకుల్లో పనిచేస్తుంటే, వారికి మరొక మాట చెప్పండి. ఒక శాఖ బాగుందా లేదా అని చూడడానికి మొండి బాకీల అంకె ఒక్కటే చాలదు. ఆ ఊళ్ళో పోగైన వంద రూపాయల్లో ఆ ఊరికే ఎన్ని తిరిగి అప్పుగా వెళ్ళాయో కూడా చూడాలి. ఏ అప్పూ ఇవ్వని శాఖకు మొండి బాకీ ఉండదు. దాని బాకీ అంతా శ్రావణంలో పంట అమ్ముకున్నవాడు మోస్తుంటాడు.

వైద్యుడు రోగం వచ్చాక వస్తాడు. అప్పిచ్చేవాడు అదనుకు ముందే రావాలి. రెండు పనుల విలువా తెలిసిన ఆ బందరు డాక్టరు గారిని ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకోవడం నాకు ఎంతో తృప్తినిచ్చింది.